పద్నాలుగో వరస, మూడో గడి

అన్యాయం ఎవరికి జరిగింది? బోని పైడమ్మకు. ఎలా జరిగింది? పుట్టుకతో చూపులేని ఆ మనిషికి ఐదు నెలలు చూపునిచ్చి, ఆరో నెలలో ఆ చూపును కాల్చివేసి, ఆమెకు ఇప్పుడు కనిపిస్తున్నదంతా భ్రాంతి అని కాగితం రాసి పంపేశారు. ఎవరు చేశారు? ఆచార్య పీసపాటి విశ్వంభరం. ఎవరు చూస్తూ ఊరుకున్నారు? తుమ్మా ఫిలోమినా.

ఈ చివరి జవాబును ఫిలోమినా ఎవరూ అడగకుండానే చెప్పేది. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు నేర్పినవాటిలో చాలావరకు ఆమె మరచిపోయింది గాని, ఒప్పుకోలు ఒకరి పేరుతో మొదలుపెడితే అది తన పేరే కావాలన్న నియమాన్ని మరువలేదు.

పదేళ్ళుగా ఆమె విశాఖపట్నం కలెక్టరాఫీసు వరండాలో కూర్చుంటోంది. చూపుపలక ప్రమాదాన్ని మళ్ళీ విచారించాలని ఆమె పెట్టిన అర్జీలు ఆ కార్యాలయంలోకి వెళ్ళేవి. అన్నం మెతుకు బావిలో పడ్డట్టు చప్పుడు లేకుండా మునిగిపోయేవి.

"అమ్మగారూ, మీ అర్జీ పైకెళ్ళిందండి," అన్నాడు గుమాస్తా దాలినాయుడు.

"పోయిన వేసవిలోనూ పైకే వెళ్ళింది నాయుడూ. ఈ మేడకు ఉన్నవి రెండు అంతస్తులు. ఇంకా ఎంత పైకి?"

దాలినాయుడు నవ్వాపుకుని, గొంతు తగ్గించాడు. "ఒక మాట సెప్పనా? విశ్వంభరం గారు అంధపాఠశాల పిల్లలు నలభైమందికి కొత్త పలకలు పెడతారంట. అనుమతి విచారణ మూడు వారాల్లో ఇక్కడే, మేడమీద హాల్లో. అభ్యంతరం ఎవరైనా పెట్టుకోవచ్చు. కాని సాక్ష్యం ఉండాల. మీ దగ్గర ఏటుంది?"

ఏమీ లేదు. ప్రమాదం నాటి రికార్డులు చెడిపోయాయని విశ్వంభరం రాసిచ్చాడు. నమ్మడం సుఖం కాబట్టి అందరూ నమ్మారు. ఫిలోమినా కళ్ళజోడు తీసి తుడవబోయింది. అది చేయిజారి పక్క కుర్చీ కిందికి పోయింది. డెబ్బై ఏళ్ళ నడుము వంచి, నేలకు దగ్గరగా తల వాల్చి, జోడు వెతికి పెట్టుకుని, తల అలాగే పక్కకు వాల్చి పైకి లేవబోయేసరికి ఆ కుర్చీ కూర్చునే భాగం ఆమె కళ్ళకు అడ్డంగా కనిపించింది.

ప్రభుత్వ కార్యాలయాల కుర్చీలన్నీ అంధుల సంఘంవారే అల్లుతారు. తెల్లటి చదును వైరు మధ్య ఆకుపచ్చ గుండ్రని వైరుతో ఏదో తీగ డిజైను. ఏళ్ళ తరబడి దానిమీద ఎందరో కూర్చున్నారు, ఆమె కూడా కూర్చుంది. తల అడ్డంగా పెడితే అది తీగ కాదు, 'మ'. ఇరవై నాలుగు గళ్ళ చదరంలో నిలిచిన 'మ'. పద్నాలుగో వరసలో, ఎడమనుండి మూడో గడిలో ఉండవలసిన ఆకుపచ్చ చుక్క అక్కడ లేదు.

టైపిస్టు తన మిషన్లో విరిగిన అక్షరాన్ని ఎన్నేళ్ళకైనా గుర్తుపడుతుంది. ఫిలోమినా నేలమీదే కూలబడి ఆ ఖాళీ గడిమీద వేలు పెట్టింది.

"అమ్మగారూ! కళ్ళు తిరిగాయేటండీ?" అని పరుగెత్తుకొచ్చాడు దాలినాయుడు.

"లేదు నాయుడూ. ఇప్పటిదాకా తిరిగే ఉన్నాయి. ఇప్పుడే నిలిచాయి."

*

ఆ అక్షరం పుట్టింది విశ్వంభరం నడిపిన దృక్ఫలక కేంద్రంలో.

పలక తపాలాబిళ్ళంత ఉండేది. తల వెనుక, మెదడులో చూపు పుట్టేచోట దాన్ని అమర్చేవారు. చెవి వెనుక అయస్కాంతంతో అంటుకుని ఉండే గుండ్రని బిళ్ళ దానికి కరెంటు అందించేది. కళ్ళజోడులోని కెమెరా చూసినదంతా పలకమీద చుక్కలుగా వెలిగేది. ఆ చుక్కలన్నిటికీ యంత్రంలో ఒక గళ్ళ జ్ఞాపకం ఉండేది. దాన్ని ఫ్రేమ్‌బఫర్ అనేవారు. ఏ గడిలో ఒకటి వేస్తే ఆ చుక్క మనిషి చూపులో వెలుగుతుంది, సున్నా వేస్తే ఆరుతుంది. ముగ్గు పెట్టడం తెలిసినవారికి ఇంతకంటే వివరం అక్కరలేదు.

ఫిలోమినా చూసుకునేది కెర్నెల్‌ను. ఇంట్లో అందరికంటే ముందు లేచి అందరూ పడుకున్నాక పడుకునే ఇల్లాలివంటి ప్రోగ్రాం అది. బొమ్మలు చూపించే ప్రోగ్రాములు ఇంకా లేవకముందు గాని, అవన్నీ కూలిపోయాక గాని దానికి ఏదైనా చెప్పవలసి వస్తే, ఎవరి సాయమూ లేకుండా తానే ఫ్రేమ్‌బఫర్లో చుక్కచుక్కగా అక్షరాలు దిద్దుకోవాలి. మామూలు యంత్రంలో ఆ అక్షరాలు గాజుతెరమీద పడతాయి. ఈ యంత్రంలో మనిషి చూపుమీదే పడతాయి. అందుచేత అవి ఆ మనిషి భాషలో ఉండాలని ఫిలోమినా పట్టుబట్టింది.

"ఇంగ్లీషు అక్షరాలు తయారుగా ఉన్నాయి కదమ్మా," అన్నాడు విశ్వంభరం. ఆయనకు శాస్త్రం తెలుసు. శాలువాలు ఇంకా బాగా తెలుసు. "ఎనిమిది గళ్ళలో ముచ్చటగా ఇమిడిపోతాయి."

"గళ్ళకు సరిపోతాయి సార్. పైడమ్మకు సరిపోవు."

రెండేళ్ళపాటు గ్రాఫు కాగితాలమీద ఆమె తెలుగు అక్షరాలను చుక్కలుగా పొదిగింది. గుడి పైకప్పు తగలకుండా, వత్తు కిందివరసలో తెగిపోకుండా, 'ఘ' ఊపిరాడక నల్లబడకుండా. అంతా అయ్యాక, రెండు కాగితాలు అతికిన చోట గోందు కింద 'మ' చుక్క ఒకటి మరుగున పడిందని తెలిసింది. అప్పటికే ఆ కాగితాల నకలు, కోడు అచ్చు, ఉద్యోగులందరి రహస్య సంకేతాలు అనుమతి కార్యాలయంలో సీలు వేసి దాచారు.

"ఒక్క చుక్క కోసం సీలు విప్పించమంటారా?" అని నవ్వాడు విశ్వంభరం. "ఎవరు చూస్తారమ్మా!"

పైడమ్మకు అప్పుడు ఇరవై రెండేళ్ళు. కట్టు విప్పిన ఉదయం కెర్నెల్ ముందుగా లేచి, తన మొదటి వరస ఆమె చూపుమీద రాసింది.

"ఏటివీ, ఒంటిమీద సీమలు పాకినట్టు?" అంది పైడమ్మ.

"అక్షరాలు. 'లేచాను' అని చెబుతోంది. ఈ పలకకు ఏ కష్టం వచ్చినా ముందు నీకే చెబుతుంది పైడమ్మా. ఆ తరువాతే మాకు. నీకు చదవడం నేను నేర్పుతాను."

"మాటేనా?"

"మాటే."

మూడు రోజుల్లో పైడమ్మ తన పేరు నేర్చుకుంది. నాలుగో రోజు విశ్వంభరం పాఠం ఆపించాడు. ప్రారంభోత్సవానికి గొప్పవాళ్ళు వస్తారు. పైడమ్మ పువ్వు చూసి నవ్వడం, అద్దం చూసి సిగ్గుపడడం సాధన చేయాలి. "కూలివాళ్ళ పిల్లకు అక్షరాలెందుకమ్మా? వెలుగు చూసి నవ్వితే ఫోటోకు చాలు," అన్నాడు.

"సరే సార్," అంది ఫిలోమినా. ఆమె జీవితంలో సిగ్గుపడే మాటలు రెండే. అవే ఈ రెండు.

ఆరో నెలలో ప్రారంభోత్సవం, పొద్దుట పదిగంటలకు. పైడమ్మ చూస్తున్నదంతా సభలో పెద్ద తెరమీద కనిపించే ఏర్పాటు. "మీ కెర్నెల్ పిచ్చిరాతలు అతిథుల ముందు పడకూడదు," అని విశ్వంభరం తన సంకేతం నొక్కి, అక్షరాలు చూపవద్దని స్వయంగా ఆజ్ఞ ఇచ్చాడు. ఫిలోమినా గుమ్మం దగ్గర నిలబడి చూసింది. చూపవద్దంటే కెర్నెల్ చూపదు. కాని రాయడం మానదు. చూపని వరసలన్నీ లోపల దాచుకుంటుంది.

పదిన్నరకు పలక వేడెక్కింది. పదీ నలభైకి పైడమ్మ తలపట్టుకుని, "మండతన్నాది బాబూ," అంది. విశ్వంభరం మైకు దగ్గరకు తీసుకుని, "ఆనందం తట్టుకోలేకపోతోంది," అన్నాడు. సభ చప్పట్లు కొట్టింది. పదకొండూ పదికి కెర్నెల్ కూలిపోయింది. కూలిపోయేముందు దానికి ఫిలోమినా పెట్టిన నియమం ఒకటుంది: చావుక్షణంలో ఎవరి ఆజ్ఞా చెల్లదు, దాచినదంతా ఒక్కసారిగా రాయాలి. అది రాసింది. పెద్ద తెర అప్పటికే నల్లబడింది. ఆ రాతతోపాటే పలక కాలింది. పైడమ్మ మెదడులోని కణాలు ఆ ఆఖరి దృశ్యాన్ని పట్టుకుని అలాగే బిగుసుకుపోయాయి.

అనవసరపు అక్షరాలు గీయడంవల్లే పలక వేడెక్కిందని నివేదిక తేల్చింది. ఫిలోమినాను పంపేశారు. విశ్వంభరానికి మరో శాలువా వచ్చింది.

*

కంచరపాలెంలో అంధుల సంఘం రేకుల షెడ్డు. కుర్చీ చట్రానికి పక్కగా నేలమీద కూర్చుని, వైరు లాగి బిగిస్తున్న మనిషి తలెత్తకుండానే అంది:

"ఎవురో ఎడంకాలు ఈడ్సుకుంటా వస్తన్నారు. ఇలగ నడిసే మనిసి ఒకప్పుడు నాకు తెలుసు."

"నేనే పైడమ్మా."

చేతిలోని వైరు ఆగింది. "టీచరమ్మా! పదకొండేళ్ళకి తోవ తెలిసిందేటి నీకు?"

ఫిలోమినా నేలమీద ఆమె ఎదురుగా కూర్చుంది. "నీకేం కనిపిస్తోంది?"

"పన్నెండు వరసలు. కన్ను మూసినా అయ్యే, తెరిసినా అయ్యే, నిద్దట్లోనూ అయ్యే. గుడ్డోళ్ళకి సీకటైనా ఉంటాది. నాకు అదీ లేదు." వైరును మళ్ళీ కన్నంలో దూర్చింది. "డాట్రుగారికి సెప్తే బ్రాంతి అని రాసిచ్చాడు. బ్రాంతైతే ఒకరోజు ఒకలాగ, ఒకరోజు ఒకలాగ ఉండాల కదా? సుక్కలు లెక్కెట్టుకుంటాను. ఇన్నేళ్ళలో ఒక్కటీ జరగనేదు."

"ఇవి అక్షరాలని ఎవరికీ చెప్పలేదా?"

"సెప్పకేం? పుట్టుగుడ్డిదానివి, నీకు అచ్చరాలేటి, ముందు కుర్చీ అల్లుకో అన్నారు. అల్లుకున్నాను. కుర్చీకొక్కటి. లోపల పెట్టుకుంటే ఎర్రెత్తిపోదును. కుర్చీల్లో పోసీసి ఊరిమీదకి తోలేసాను." మామూలుగానే అంది: "ఆకరి వరసలో నా పేరున్నాది టీచరమ్మా. నువ్వు నేర్పింది అదొక్కటే కదా. అది నన్ను పిలస్తన్నాది. పిలిసి ఏటంటన్నాదో తెలీదు."

ఫిలోమినాకు తెలుసు. ఆ వరస రాసింది తానే. ఆ క్షణాన చెప్పివుండవచ్చు. "మిగతావి నేర్పుతాను. ఆ వరస చివర చదువుదాం," అంది. విశ్వంభరాన్ని పదకొండేళ్ళు తూలనాడిన నాలుక, తన వంతు వచ్చేసరికి ఎంత మర్యాదగా పక్కకు తప్పుకుందో ఆమె గమనించింది, గమనించి అసహ్యించుకుంది.

మర్నాటినుండి పాఠం. చుక్కలు పైడమ్మ చూపులోనే ఉన్నాయి. వాటికి ధ్వని తగిలించడమే పని.

"మొదటి వరసలో, నువ్వు అంకెలన్నవాటి తరవాతది. గొడుగు పట్టుకున్న ముసలమ్మలాగుంది."

"'వే'. దాని పక్కది?"

"సంకలో పిల్లని ఎత్తుకున్నట్టు."

"'డి'. రెండూ కలిపి చదువు."

"వే... డి. వేడి!" పైడమ్మ చేయి తన నడినెత్తికి పోయింది. "ఓలమ్మ. ఆరోజు నాకు తెలిసిందే రాసింది."

పదహారు రోజుల్లో పదకొండు వరసలు వచ్చాయి. పన్నెండో వరసకు మాత్రమే కావలసిన అక్షరాలు నాలుగు మిగిలాయి. "అవి తరవాత," అంది ఫిలోమినా. పైడమ్మ అడగలేదు. అడగకపోవడం ఫిలోమినాకు మరింత బరువైంది.

*

అనుమతి కార్యాలయం విచారణాధికారిణి జమునాబాయి మితభాషి. విశ్వంభరం అలా కాదు. కొత్త పలక ఎంత చల్లనిదో ముప్పావుగంట చెప్పాడు. ఆయన కూర్చోడానికి దాలినాయుడు వరండాలోని కుర్చీ ఒకటి ప్రత్యేకంగా మోసుకొచ్చి, తుడిచి మరీ వేశాడు.

"పిల్లలకు ప్రమాదమైతే హెచ్చరిక ఎవరికి అందుతుంది?" అని అడిగింది జమునాబాయి.

"మాకు. నిపుణులకు. పిల్లల కళ్ళముందు అక్షరాలు పారాడడం మేము ఆపేశామండి. పాత ప్రమాదానికి కారణం అదే."

ఫిలోమినా లేచింది. "పాత ప్రమాదం ఈవిడకు జరిగింది. ఆనాటి ఆఖరి రాత ఈవిడ చూపులో ఉంది. చదువుతుంది, వినండి."

విశ్వంభరం నవ్వాడు. మనిషి ఎదురుగా ఉండగా, ఆ మనిషి లేనట్టు నవ్వగలగడం కొందరికి పదవితోపాటు వస్తుంది. "గుడ్డిమనిషి చదువుతుందట! ఫిలోమినాగారూ, ఉద్యోగం పోయిన బాధ అర్థం చేసుకోగలను. కాని ఈ నిరక్షరాస్యురాలిని చిలకను చేసి తేవడం..."

"సిలకని కాను బాబూ," అంది పైడమ్మ. "సిలకైతే ఎగిరిపోను కదా ఆరోజు." తలెత్తి, ఎవరికీ కనిపించని గోడను చదవడం మొదలుపెట్టింది, ఒక్కో అక్షరం మీద అడుగు ఆనించి: "పది ముప్పై. వేడి ముప్పై తొమ్మిది. పలక ఆపండి... పది ముప్పై ఆరు. వేడి నలభై. పలక ఆపండి..."

ఏడో వరసకు వచ్చింది. "ఈ మాటలు చూపవద్దన్నది, నాలుగు నాలుగు ఒకటి ఏడు."

"ఆ అంకె ఏమిటి?" అంది జమునాబాయి.

"నాకు తెలియదండి," అంది ఫిలోమినా. "ఎవరి సంకేతం వారికి తప్ప ఇంకొకరికి తెలియదు. అన్నీ మీ సీలు కవర్లో ఉన్నాయి."

విశ్వంభరం ముఖంలో నవ్వు మిగిలే ఉంది గాని, దాన్ని పట్టుకున్నవారెవరూ లోపల లేరు. "అంకె ఎక్కడైనా సంపాదించి ఉండవచ్చు! ఈ మూడు వారాలు ఈవిడ నేర్పిన కట్టుకథ ఇది. అంతకుముందు ఆమె చూపులో అక్షరాలున్నాయనడానికి రుజువేదీ?"

"సార్, ఒకసారి లేవండి."

"ఏమిటీ?"

"రుజువుమీద కూర్చున్నారు. లేవండి."

ఆయన లేవలేదు. జమునాబాయి పెన్ను కింద పెట్టి ఆయనవంక చూసింది, అప్పుడు లేచాడు. దాలినాయుడు కుర్చీని పక్కకు పడుకోబెట్టాడు. పెళ్ళిలో వడ్డన చేసినంత ఉత్సాహంగా చేశాడా పని. చట్రం వెనుక సంఘంవారు కాల్చి వేసిన ముద్రలో సంవత్సరం తొమ్మిదేళ్ళ కిందటిది. కూర్చునే భాగంలో పెద్ద ఆకుపచ్చ 'మ'.

"పద్నాలుగో వరస, మూడో గడి చూడండి," అంది ఫిలోమినా. "చుక్క ఉండాలి, లేదు. అది నా తప్పు. ఈ తప్పు ప్రపంచంలో ఇంకే 'మ'కూ లేదు. పలక లోపలున్న అక్షరాలకు ఉంది, మీ దగ్గర సీలు వేసిన కాగితంలో ఉంది. ఈ కుర్చీ అల్లేనాటికి నేను పైడమ్మను చూసి రెండేళ్ళయింది. తన పేరు మొత్తంగా తప్ప ఆమెకు విడిగా ఏ అక్షరమూ తెలియదు. ఒక్క చుక్కను ఎవరు చూస్తారని అడిగారు సార్ మీరు. పుట్టుగుడ్డి ఆడమనిషి చూసింది."

సీళ్ళు విప్పారు. గ్రాఫు కాగితంలో గోందు మరక కింద ఆ గడి ఖాళీగా ఉంది. రెండో కవరులో నాలుగు నాలుగు ఒకటి ఏడుకు ఎదురుగా ఉన్న పేరును జమునాబాయి బయటికి చదివింది. ఆమె తల ఎత్తేసరికి విశ్వంభరం కూర్చోవాలా వద్దా అని కుర్చీవంక చూస్తున్నాడు. నలభైమంది పిల్లలకు పలకలు పెట్టే అనుమతిని ఆ మధ్యాహ్నమే నిరాకరించారు. పాత ప్రమాదం కాగితాలు అక్కడినుండే పోలీసులకు వెళ్ళాయి. అర్జీలు పైకే కాదు, అవసరమైతే చురుగ్గా కిందికి కూడా వెళ్ళగలవని ఫిలోమినా అప్పుడు తెలుసుకుంది.

*

మర్నాడు ఉదయం ఆమె షెడ్డుకు వెళ్ళింది. మిఠాయి ఏదీ పట్టుకెళ్ళలేదు.

"గెలిసాం కదా టీచరమ్మా, ఆ మొగమేటి? గొంతులోనే తెలస్తన్నాది."

"పన్నెండో వరస మిగిలింది పైడమ్మా. నీకు భయపడి ఆపాను. సాక్ష్యానికి అక్కరలేదని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం."

నాలుగు అక్షరాలు చెప్పడానికి పావుగంట చాలింది. ఆ తరువాత పైడమ్మ తల కొద్దిగా వాల్చి, పదకొండేళ్ళుగా తనను పిలుస్తున్న వరసను మొదటిసారి చివరిదాకా చదివింది.

"పైడమ్మా... చెవి... వెనక... బిళ్ళ... తీసెయ్యి."

ఆమె చేయి మెల్లగా చెవి వెనక్కు పోయింది. అక్కడిప్పుడు ఏమీ లేదు. అరచేతితో రాస్తే ఊడివచ్చేంత చిన్న బిళ్ళ ఒకప్పుడు ఉండేది.

"తీసేస్తే?"

"కరెంటు ఆగేది. పలక చల్లబడేది. నీ చూపు నీకు ఉండేది." ఫిలోమినా జాలి అడగలేదు, లెక్క చెప్పింది. "ఆయన దాచిన నలభై నిమిషాలకు ఆయన దోషి. కాని నీకు చదవడం వచ్చివుంటే, 'లేచాను' అన్న మాట ఆ పొద్దుట ఎందుకు రాలేదని బిళ్ళ తీసి నన్నడిగేదానివి. పాఠం ఆపమంటే నేను సరే అన్నాను. ఆ దోషం నాది."

పైడమ్మ ఏడుస్తుందేమోనని, తిడుతుందేమోనని ఫిలోమినా కూర్చునే ఉంది. రెండిటికీ ఆమెకు హక్కుంది.

"ఆ సబలో నన్ను పేరెట్టి పిలిసింది అదొక్కటేనేటి," అంది పైడమ్మ చివరికి. తరువాత చాలా నిదానంగా, ఒక్కో వేలు మడుస్తూ: "ముందు నాకే సెబుతాదన్నావు. సెప్పింది. సదవడం నేర్పుతానన్నావు. ఆలీసమైపోనాది, పాడు ఆలీసం. దానికి నిన్ను సమించనేను. కాని నేర్పావు, ఆకరచ్చరం దాకా. నీ మాట నాకు సెల్లిపోనాది టీచరమ్మా."

"ఇంకొక్కటి ఉంది," అంది ఫిలోమినా.

పైడమ్మ ముందున్న చట్రంలో సగం అల్లిన అక్షరం 'మ'. పైడమ్మ తెలుసుకుంది. ఆకుపచ్చ వైరు ముక్క ఒకటి తెంపి ఆమె చేతిలో పెట్టి, ముసలి వేళ్ళను పట్టుకుని అల్లికమీద ఆనించింది.

"లెక్కెట్టు," అంది.

ఫిలోమినా పైనుండి పద్నాలుగు వరసలు, ఎడమనుండి మూడు గళ్ళు లెక్కపెట్టింది. ఆ గడిలో వైరు దూర్చి, కిందినుండి లాగి, గట్టిగా బిగించింది. పైడమ్మ బొటనవేలితో ఆ చుక్కను ఒక్కసారి రుద్ది చూసి, "నిండిపోనాది," అని, కుర్చీని తనవైపు తిప్పుకుని, మిగతా వరసలు అల్లసాగింది.